ఊరికే ఇచ్చింది

రబ్బరు తోట మీద వాన.

ఆకు ఆకుకీ చప్పుడు. చూరు నిండా నీళ్లు, వాకిలి నిండా నీళ్లు... ఏలమ్మకి మాత్రం కొలిచి పోసిన గుక్కెడు.

కిడ్నీలు రెండూ చెడిపోయాయి. కొడుకుది సరిపడలేదు. చుట్టాలెవరూ ఆ మాటే ఎత్తలేదు.

అప్పుడు వచ్చింది రోసిలి.

చుట్టం కాదు. స్నేహితురాలూ కాదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీ మనిషి. తడిసిన గొడుగు గుమ్మానికి ఆనించి, కూర్చోకుండానే అంది —

"నాది తీసుకో అక్కా."

ఎందుకు?

రోడ్డు పక్క మా తోట మీద కన్నేసిందా? దానికి పెళ్లీడు కూతురుందిగా... మా అబ్బాయి జోమోన్ మీదా?

ఎందుకు?

"యేసయ్య మనల్ని ఏమడిగాడమ్మా?" అన్నాడు జోమోన్.

"ఆయన దేవుడురా. ఈ రోసిలి మన ఊరి కురియన్ పెళ్లాం."

ఆసుపత్రి వాళ్లకీ అనుమానమే. ఈమె మీకేమవుతుందని గుచ్చి గుచ్చి అడిగారు.

"చర్చిలో నా ముందు కూర్చుంటుంది," అంది రోసిలి.

"అంతేనా?"

"పాట ఎప్పుడూ అపశ్రుతే సార్."

అందరూ నవ్వారు. ఏలమ్మ నవ్వలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున. పక్కపక్క మంచాలు. ఏలమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఇప్పుడైనా చెప్పవే. ఏం కావాలి నీకు?"

రోసిలి పెదవులు తడుపుకుంది.

"భయంగా ఉందక్కా. కాసేపు చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. చల్లటి చెమట. నటన కాదు — ఇది నటన కాదు... మరి ఏమిటి?

ఏలమ్మ బతికింది. చెంబెత్తి నీళ్లు తాగింది. ఏడుస్తూ తాగింది.

రోసిలి ఏమీ అడగలేదు.

ఏలమ్మ ఎదురుచూసింది. పండక్కి అడుగుతుందనుకుంది. కూతురి పెళ్లి కుదిరినప్పుడు తప్పక అడుగుతుందనుకుంది. అడగలేదు. అడగనందుకు కోపం వచ్చింది. కుట్లు మానాయి. అనుమానం మానలేదు.

ఒక సాయంత్రం గేటు కిర్రుమంది.

రోసిలి.

వచ్చింది... ఇప్పుడు అడుగుతుంది. ఏలమ్మ గబుక్కున లేచింది. భయమో, ఊరటో.

"అక్కా, కాస్త కరివేపాకు ఇస్తావా? చేపల కూర పొయ్యి మీదుంది."

ఏలమ్మ పెరట్లోకి పరిగెత్తింది. కొమ్మకి కొమ్మే విరిచింది. తెచ్చి రెండు చేతుల్తో అందించింది.

"అయ్యో, ఇంతెందుకక్కా!"

నాలుగు రెబ్బలు తుంచుకుంది. కొమ్మ తిరిగిచ్చేసింది. వెళ్లిపోయింది — చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, కూర మాడిపోతుందన్న తొందరలో.

విరిచిన కొమ్మ చేతిలో. ఘాటైన పచ్చి వాసన.

ఏలమ్మ గేటు దగ్గరే నిలబడింది... మలుపు దగ్గరైనా ఒక్కసారి వెనక్కి చూస్తుందేమోనని.