మూట మీద అప్పమ్మ

దేముడు కవరులోంచి ఫొటో తీసి, గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎవరో బెంగాలీ ఇంటి పెద్దావిడ. తెల్లచీర, వెడల్పాటి ఎర్ర అంచు, నుదుట రూపాయి కాసంత ఎర్రబొట్టు. మొహం మీద ఒక్క ముడత లేదు. కళ్లు మాత్రం తెలిసిన కళ్లే. అవి వాళ్లమ్మ అప్పమ్మవి.

మర్నాడే అప్పమ్మ పెద్దకర్మ. ఈ బెంగాలీ ఊళ్లో, కార్పొరేషన్ క్వార్టర్సులో ఉన్న తెలుగువాళ్లంతా భోజనానికొస్తారు. ఊరి నుంచి మేనమామ రైలెక్కేశాడు. దండ వేయడానికి ఫొటో ఒక్కటే తక్కువ. అదీ ఇలా వచ్చింది.

అసలు ఆవిడకి సరైన ఫొటో లేదు. ఇంట్లో ఏ పెళ్లి ఫొటో చూసినా అందరూ ఉంటారు, అప్పమ్మ ఉండదు. పిలిస్తే, నాకేటి, మీరు తీయించుకోండి అని వంటగిన్నెల వైపు వెళ్లిపోయేది. ఉన్నది ఒక్కటే. రెండేళ్ల కిందట సంత్రాగాఛి స్టేషన్‌లో ఊరి బండి కోసం చూస్తూ ఉంటే, మనవరాలు సుమ చెప్పకుండా సెల్లులో తీసింది. దాన్నే దేముడు వీధి చివర స్టూడియోకి పంపి, కొంచెం బాగుచేసి పెద్దది చేయమన్నాడు. స్టూడియో ఆయన బాగా చేశాడు. బాగా అంటే మరీ బాగా.

భార్య పుష్పరాణి పప్పు చెరుగుతూనే ఫొటో వైపు చూసింది. ఆవిడకి నచ్చింది.

"బాగానే ఉంది గదా. మారాణీ నాగుంది అత్త. బతికినన్నాళ్లు మంచి కోక కట్టనేదు, ఇప్పుడైనా కట్టనీ."

ఆ మాటలోనూ తప్పు లేదు. దేముడికి వాదించే ఓపికా లేదు. ఆస్పత్రి, శ్మశానం, సామాన్లు, చుట్టాలు. అమ్మ పోయిన రోజు నుంచి నడుం వాల్చింది లేదు. పైగా చెత్తలారీ మీద పనికి సెలవు రేపటితో ఆఖరు. పోనీలే, ఎవరు చూడొచ్చారు అనుకుని మంచం మీద ఒరిగాడు.

సుమ ట్యూషన్ నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూ ఫొటో చూసి ఆగిపోయింది.

"నాన్నా, నానమ్మ బొట్టేదీ?"

"అదిగో, అంత ఎర్రగా కనపడతంది గదే," అంది తల్లి.

"అది కాదు. పచ్చది."

దేముడు లేచి కూర్చున్నాడు.

అప్పమ్మకి నుదుటి మీద పచ్చబొట్టు. చిన్నప్పుడు ఊళ్లో తీర్థానికి వచ్చిన పొడిచే మనిషి చేత పొడిపించుకుంది. దేముడి తండ్రి డ్రెయిన్లలో పనిచేసేవాడు. జ్వరమొచ్చి పోయాడు. కర్మ రోజున ముసలమ్మలు చుట్టూ చేరి అప్పమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు. ఒకావిడ ఆ పచ్చబొట్టు మీద కూడా తడిగుడ్డతో రుద్దడం మొదలెట్టింది. అప్పటిదాకా తల వంచుకున్న అప్పమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇది ఆయన ఎట్టింది కాదప్పా. ఇది నాది. ఒగ్గీ."

అంతే అంది. తర్వాత మొగుడి ఉద్యోగంలో చేరి చీపురు పట్టింది. తెల్లారకముందు వీధులు, తెల్లారాక ఇల్లు. దేముణ్ణి పెంచింది, ఆడపిల్లని అత్తారింటికి పంపింది, సుమని ఎత్తుకు తిప్పింది. తనదని మరి దేన్నీ అన్నట్టు దేముడికి గుర్తు లేదు. ఏడాదికోసారి సెలవు పెట్టి ఊరెళ్లేది. అదీ వానల్లో, తమ్ముడి పొలంలో ఊడుపులకి. సెలవులో కూడా పనేటమ్మా అంటే నవ్వేది. "ఊడుపులు పనేట్రా? ఊరెల్లడం గదా."

దేముడు ఫొటో చంకన పెట్టుకుని బయల్దేరాడు. పుష్పరాణి వెనక నుంచి ఏదో అంది. వినిపించుకోలేదు.

స్టూడియో ఆయన షట్టరు సగం దించేశాడు. విషయం విని నొచ్చుకున్నాడు. ఆ నల్లటిది మరకనుకున్నాడట. నుదుటి మధ్యనే ఉంది కనుక, చెరిగిన బొట్టేమో అని శ్రద్ధగా ఎర్రగా దిద్దాడట. భర్త లేని మనిషి అని ఎవరూ చెప్పలేదు కదా దాదా అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆయన మంచివాడే. ఎరుపు తీసేసి మళ్లీ పచ్చగా చుక్క పెడతానన్నాడు.

దేముడు వద్దన్నాడు. గీసింది వద్దు, ఉన్నదే కావాలన్నాడు. తనకొచ్చిన బెంగాలీలో ఆ పచ్చబొట్టు సంగతి చెప్పబోయి, మాటలు చాలక తెర వైపు వేలు చూపించాడు. ఆయన సుమ తీసిన అసలు ఫొటో తెర మీద తెచ్చాడు.

ప్లాట్‌ఫారం మొత్తం కనిపించింది. వెలిసిపోయిన నూలుకోక, కాళ్ల దగ్గర నీళ్ల సీసా, నెత్తిన ఎండ. అప్పమ్మ బట్టలమూట మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఊరికే పడున్నాయి. నుదుటి మీద పచ్చబొట్టు. దేముడు చాలాసేపు చూశాడు. అమ్మ నిలబడి ఉంటే చూశాడు, వంగి ఉంటే చూశాడు, ఆఖర్న పడుకుని ఉంటే చూశాడు. ఇలా ఊరికే కూర్చుని ఉంటే చూడలేదు. ఎవరైనా తన వైపు చూస్తే వెంటనే లేచిపోయేది మరి.

మూట తీసేసి మొహం వరకే కత్తిరిస్తానన్నాడు స్టూడియో ఆయన. ఏదీ తీయొద్దన్నాడు దేముడు.

ఇంటికొచ్చేసరికి పుష్పరాణి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అద్దం కట్టించి తెచ్చిన కొత్త ఫొటో చూసి నొసలు ముడిచింది. అంతమంది వస్తారు, మూట మీద కూకున్న ఫొటో ఎట్టుకుంటామా అంది.

దేముడు మేకుకి తగిలించి, వంకర సరిచేశాడు.

"కూకోనీయే," అన్నాడు. "ఇన్నాళ్లకి కూకుంది."

పుష్పరాణి చేట పక్కన పెట్టి, కొంగుతో ఫొటో అద్దం తుడిచి, మళ్లీ వచ్చి బియ్యం ముందు కూర్చుంది.