మూడో చెయ్యి

ఆ ఎలక్ట్రీషియన్ ముందు పళ్లు రెండూ అరిగిపోయి, ఒక్కోదానికి చిన్న గాడి పడింది. పుట్టుకతో వచ్చిన గాడి కాదు, పనితో వచ్చింది. నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో ఫ్యాను కొక్కేన్నీ, ఇంకో చేత్తో వైరునీ పట్టుకున్న మనిషికి వైరు తొడుగు ఒలవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? నోరే మూడో చెయ్యి. పంటి కింద పెట్టి ఒక్క లాగు లాగితే తొడుగు ఊడి, లోపలి రాగి బయటపడేది.

ఈమధ్య కంట్రాక్టరు అతన్ని మేస్త్రీని చేసి, ఇళ్లవాళ్లతో మాట్లాడే పని కూడా అప్పగించాడు. అక్కడే వచ్చింది చిక్కు. గాడిపళ్లు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేసరికి ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అతను చెప్పింది పనివాడికి సరిగ్గా వినపడక, ఒకావిడ వంటింట్లో అడిగిన ప్లగ్గు హాల్లో తేలింది. ఇంకో రెండుసార్లు ఇలా జరిగితే ఆ పని వేరేవాళ్లకు పోతుందని అతనికి తెలుసు.

"మీరు మనుషులతో మాట్లాడుతున్నారో అరచేత్తో మాట్లాడుతున్నారో తెలియట్లేదు. పళ్ల డాక్టరు దగ్గరికి పదండి" అంది భార్య.

డాక్టరమ్మ నిదానస్తురాలు. "పళ్ల ముందు పింగాణీ పలకలు అతికిస్తాం. గోరంత మందం ఉంటాయి, అంతే. అవి కూర్చోవడానికి మీ పంటి పైపొర కాస్త అరగదీయాలి. అరగదీసింది మళ్లీ పెరగదు. ఇక ఎప్పటికీ ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. సరేనా?" అని, గాడి ఎలా పడిందో అడిగింది.

అతను చెప్పాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆ అలవాటుంటే పింగాణీ నిలవదు. పగిలితే అతుకు పడదు, కొత్తది చేయించాల్సిందే" అంది డాక్టరమ్మ.

"మానేస్తానండీ" అన్నాడు అతను, అదేదో పెద్ద పని కానట్టు.

రంగు ఎంచుకునేటప్పుడు భార్య అన్నిటికన్నా తెల్లటి నమూనా మీద వేలు పెట్టింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గర అతని పక్కపళ్ల సరసన పట్టి చూపించింది. "కొత్త స్విచ్చిబోర్డు బిగించినట్టుంది" అని భార్యే ఒప్పుకుని, తెలుపులో రెండు మెట్లు దిగింది.

పళ్లు అరగదీసిన రోజు మత్తు సూదికి పెదవి బరువెక్కి, పక్కింటివాళ్ల పెదవి తెచ్చి పెట్టుకున్నట్టయింది. మెత్తటి ముద్దతో అచ్చు తీసి, పింగాణీ తయారై వచ్చేదాకా ప్లాస్టిక్ తొడుగులు వేసి పంపారు. మత్తు దిగాక చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంది. అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

పనిలోకి వెళ్లిన మొదటి పూటే ప్రమాణం మంటగలిసింది. నిచ్చెన మీద ఏదో లెక్క వేసుకుంటూ వైరు పంటి కింద పెట్టి లాగాడు. టక్కుమంది. వైరు తొడుగుతోపాటు పంటి తొడుగూ ఊడి వచ్చింది.

కింద స్నానాలగదిలో పైపులు బిగిస్తున్న ప్లంబరు అతని బావమరిది. విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా దగ్గర పైపు జిగురుంది బావా, చుక్క పెట్టానంటే నీ పన్ను కదిలితే ఒట్టు. డాక్టరమ్మకి తెలియనే తెలియదు."

"ముందు నీ నోటికి పెట్టుకో అది" అన్నాడు అతను. కానీ ఒక్క క్షణం ఆ డబ్బా వైపు చూశాడు కూడా. చెబితే ఆవిడ పింగాణీ వెయ్యనంటుందేమో. చెప్పకపోతే పింగాణీ కూడా ఇలాగే పోతుంది. ఊడిన ముక్కను జేబులో వేసుకుని, మధ్యాహ్నమే క్లినిక్కుకి వెళ్లాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. లోపలి పన్ను పగల్లేదని చూసుకుని, తొడుగు మళ్లీ అంటించింది. "ప్లాస్టిక్‌తోనే పోయింది, మంచిదే. ఇప్పుడు చెప్పండి, పింగాణీ వెయ్యనా? లేకపోతే దాని బదులు పంటిరంగు ముద్దను పూతలా పెడతాను. త్వరగా రంగు మారుతుంది, అరుగుతుంది, కానీ విరిగితే ఇక్కడే సరిచేసుకోవచ్చు."

"ఆలోచించుకుని చెబుతానండీ" అన్నాడు. ఈసారి మానేస్తాననలేదు.

మర్నాడు తన పనిని తనే గమనించుకున్నాడు. బుద్ధి లేక కాదు, ఖాళీ చెయ్యి లేక నోరు ముందుకొస్తోంది. ఇక వైర్ల కొసలన్నీ నేలమీదే, కటింగ్ ప్లయరుతో ఒలిచి, తర్వాతే నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. మొదట్లో పని నెమ్మదించింది. "బావ కూరగాయలు తరుగుతున్నాడు" అని బావమరిది అందరికీ చాటాడు. అననిచ్చాడు. పింగాణీ వచ్చేసరికి ఆ పద్ధతి చేతికి పట్టుబడింది, నోటిదాకా వైరు వెళ్లడం మానేసింది. "పింగాణీయే వెయ్యండి" అని డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

అతికించే రోజు ముందు ఊరికే పెట్టి అద్దంలో చూపించారు. భార్య ముందుకీ వెనక్కీ జరిగి చూసి తలూపాకే జిగురు పెట్టి, నీలిరంగు దీపంతో గట్టిపరిచారు. పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూడ్డానికి రంగుకాగితం కొరికించి, ఎత్తుగా తగిలినచోట సన్నగా అరగదీశారు.

బస్సులో ఇంటికొస్తూ అతను పళ్లు దాచుకోలేదు. కండక్టరుని చూసీ, కిటికీని చూసీ నవ్వుతూనే ఉన్నాడు.

"ఇక నోరు మూయండి, ఈగలు దూరతాయి" అంది భార్య.

"మూస్తే పెదవికి కొత్తగా తగులుతున్నాయే" అన్నాడు అతను, "కాసేపు ఇలా ఉండనీ."

ఆవిడ కిటికీ వైపు తిరిగి, తనూ నవ్వుకుంది.