ఊపిరికి కావలి

రక్తపరీక్ష చేయించాలి. ముక్కు వెనక ఎక్స్‌రే తీయించాలి. పాప ఆధార్ జిరాక్సులు రెండు పెట్టుకోవాలి. ఆపరేషన్ దాకా జలుబు చేయకుండా చూసుకోవాలి. ఆ రోజు పొద్దున మంచినీళ్లు కూడా పట్టకూడదు. కర్నూలు ఆసుపత్రిలో నర్సు చెప్పినవన్నీ శివలీల చీటీ మీద రాసుకుంది. ఎవరూ చెప్పని ఒక పని అడుగున తనే రాసుకుంది: అత్తకు చెప్పాలి.

ఆరేళ్ల హర్షిణికి గొంతులో టాన్సిల్స్ వాచి, ముక్కు వెనక కండ పెరిగి, నిద్రలో ఊపిరి ఆగిపోతుండేది. తాతను మించిన గురక అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లు. నాయనమ్మ నాగక్క మాత్రం నవ్వలేదు. మూడేళ్లపాటు మనవరాలి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. గురక ఆగిందంటే చాలు, పాపను పక్కకు తిప్పేది. పాప ఉలిక్కిపడి లేచేది.

"నీకు నిద్ర పట్టకుంటే బిడ్డనెందుకు లేపుతావత్తా? బళ్లో తూగుతాందని టీచరు తిడ్తాండాది."

"గురక పెడితే భయం ల్యా శివలీలా. ఆగితేనే భయం."

బిడ్డ నిద్ర చెడగొడుతోందని శివలీల మొగుడు రంగనాథ్ తల్లిని డోన్‌లో తన చెల్లెలింటికి పంపేశాడు. పంపమని పోరింది శివలీలే. వారం తిరక్కుండానే నిద్రలో పాప పెదవులు నీలంగా మారాయి. అప్పుడు పరుగెత్తారు కర్నూలుకు.

గురక ఆగినప్పుడల్లా పాపను పక్కకు తిప్పేవాళ్లని విని, "ఇన్నాళ్లూ పాపను పక్కకు తిప్పి కాపాడింది ఎవరు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే మేడం," అన్నాడు రంగనాథ్. శివలీల నేల చూపులు చూసింది.

ఆపరేషన్ నాడు శివలీల మొగుణ్ణి అడిగింది: "అత్తకు ఫోన్ చేద్దామా?"

"వద్దులే. వచ్చి వార్డులో శోకాలు పెడ్తాది. అయినాంక చెప్తాం."

టాన్సిల్స్, ఆ కండ తీసేశారు. అంతా బాగానే జరిగింది. పదోరోజు శివలీలే ఫోన్ చేసింది.

"పాపకు ఆపరేషన్ అయిపోయినాది. ఇంటికి రా అత్తా. పాప నిన్నే అడుగుతాండాది."

"గురక ఉండాదా?"

"లేదు. నోరు మూసుకొని నిద్రపోతాంది."

"అయితే ఆడ నాకేం పని ల్యా," అని నాగక్క పెట్టేసింది.

చూడవచ్చినవాళ్లంతా రంగనాథ్‌ను మెచ్చుకుంటున్నారు, తండ్రంటే ఇట్లుండాలని. వాళ్లకు టీ ఇస్తూ శివలీల ఇప్పటికీ నోరు విప్పదు. ఆ ఇంట్లో చెప్పేవాళ్లు లేరు కాబట్టి చదివిన మీరైనా నాగక్కను గుర్తుపెట్టుకోండి. ఆమె మూడేళ్లు నిద్ర మానుకుంది కాబట్టే ఆ బిడ్డ ఆపరేషన్ దాకా బతికింది.