ఖాళీగా ఇవ్వని డిస్కు

బుచ్చిరెడ్డిపాలెంలో అబ్దుల్ రజాక్ పరుపులు కుడతాడు. ఆ కొట్లోనే ఒక మూల బల్ల వేసుకుని ఆయన కూతురు జబీనా ఫోన్లు, పాత గేమ్ బాక్సులు బాగుచేస్తుంది. దూది ఎగిరి నీ మిషన్ల మీద పడుతుందని ఆయన, సోల్డరింగ్ పొగ నీ పరుపులకు పడుతుందని ఈమె రోజూ తిట్టుకుంటూనే హాయిగా పనిచేసుకుంటారు.

ఆ వేసవిలో పక్క పల్లె నుంచి వాణి, నరేంద్రబాబు దంపతులు తమ గేమ్ బాక్సు తెచ్చారు. కంపెనీ పెట్టిన తాళాలు తీసేసి, ఏ డిస్కు వేసినా నడిచేలా ఎవరో ఎప్పుడో మార్చిన పాత బాక్సు అది. నడుం దెబ్బతిని నరేంద్రబాబు ఒక పంటకాలమంతా మంచానికి అతుక్కుపోయినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ అందులో క్రికెట్ ఆడటం మరిగారు. నడుం బాగైంది గానీ ఆట మానలేదు. వాణి ఊళ్లోవాళ్ల పేర్లతో ఒక జట్టు తయారుచేసుకుంది. కాలువ నీళ్లు వదిలే కామాక్షయ్య, బడిలో పాఠాలు చెప్పే నవోమి, ఇంకా ఎందరో. ఒక్కొక్కరికీ ముఖం, జుట్టు, నడక కూడా కుదిర్చింది. ఆ జట్టు, దాంతో మొగుణ్ణి ఓడించిన ఆటలన్నీ బాక్సు లోపలి హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. ఇప్పుడది మూలుగుతోంది. పెద్ద డిస్కు వేయాలి, జట్టు మాత్రం పోకూడదు అంది వాణి. పోతే పోనీలెమ్మని నరేంద్రబాబు నవ్వాడు. ఒక్క ఆటైనా గెలిచిన మొహమైతే అలా అనేవాడా?

జబీనా జట్టును తన కంప్యూటర్లోకి తీసుకుంది. అంతటితో పాత డిస్కు కన్నుమూసింది. ఇక కొత్తది ఫార్మాట్ చేయాలి, అంటే గళ్లుగా విడగొట్టాలి. గడి ఎంత ఉండాలని ప్రోగ్రాం అడిగితే, చిన్న డిస్కులకు ఎప్పుడూ నొక్కే నంబరే అలవాటు కొద్దీ నొక్కేసింది. అది చూస్తున్న తల్లి నూర్జాన్, ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిరిగి పంపుతామా, ఇందులోనూ ఏదో ఒకటి వేసివ్వమని ఒకటే పోరు. ఇది గిన్నె కాదమ్మా అంటే వింటుందా? సరేనని తనకిష్టమైన పాటొకటి ముందు వేసి, దాని వెనకే జట్టును వేసింది. ఆ తర్వాత కంప్యూటర్లోని జట్టును తుడిచేసింది. గిరాకీ తెచ్చిన దూదిలో ఒక్క పింజ కూడా కొట్లో మిగలకూడదనేది రజాక్ పద్ధతి. అది కూతురికీ ఒంటబట్టింది.

వానాకాలమంతా నరేంద్రబాబు దొరికిన ఆటనల్లా ఆ డిస్కులోకి ఎక్కించాడు. ఒకరోజు ఫోన్ చేసి, నువ్వు వేసిన పాట పెడితే కార్ల రేసు మోత వస్తోందని పగలబడి నవ్వాడు. తాను నొక్కిన నంబరు జబీనాకు అప్పుడు గుర్తొచ్చింది. డిస్కు పెద్దదైతే గడి కూడా పెద్దదిగా ఉండాలి. లేకుంటే కొంతవరకు బాగానే నిండి, ఆపైన వచ్చేవి మళ్లీ మొదటి గడి నుంచి పాతవాటి మీదే ఎక్కుతాయి. అమ్మ మాట వినబట్టి మొదటి గళ్లలో పాట ఉంది. దాని తర్వాత వరుసలో ఉన్నది వాణి జట్టే. బాక్సు ఆపేయమని చెప్పి, లాప్‌టాప్ సంచిలో వేసుకుని స్కూటీ తీసింది. దారంతా తనను తానే తిట్టుకుంది.

వెళ్లగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"తప్పు నాదేనక్కా. గడి చిన్నది పెట్టినాను. పాట మీద ఎక్కినట్టే మీ జట్టు మీద కూడా ఎక్కుండొచ్చు. నా దగ్గర ఇంకో కాపీ లేదు."

వాణి కుర్చీలో కూలబడింది. ఎగతాళి చేస్తాడనుకున్న నరేంద్రబాబు మొహం పాలిపోయింది. జబీనా బాక్సుకు వైర్లు తగిలిస్తుంటే ఆయన భార్య పక్కన చేరాడు.

"పోతే పోయిందిలే. నేను కూచోని మళ్లా చేసిస్తాను. కామాక్షయ్యకు తెల్ల మీసం, ఎడమచేతి వాటం. నవోమి టీచరుకు నీలం టోపీ పెట్టినావు."

అక్కడితో ఆగలేదు. ఎవరు ఎవరి తర్వాత దిగుతారో, ఎవరి చేత ఆఖరి బంతికి సిక్సు కొట్టించి ఆమె తనను ఏడిపించిందో, ఒక్కటీ వదలకుండా చెప్పుకుపోయాడు.

అంతలో తెర మీదికి జట్టు వచ్చింది. ముఖాలు, పేర్లు, గెలిచిన ఆటలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మీదికెక్కిన కార్ల రేసు పాట వరకే వచ్చి ఆగింది. జబీనాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. జట్టును లాప్‌టాప్‌లోకి తీసుకుని, డిస్కును ఈసారి పెద్ద గడితో ఫార్మాట్ చేయడానికి కూర్చుంది. నరేంద్రబాబు ఎక్కించుకున్న ఆటలన్నీ పోతాయని చెబితే పట్టించుకున్నవాళ్లు లేరు. అందరూ ఉన్నారు, చూసుకో అక్కా అని జబీనా పిలిచినా వాణి తెర వైపు తిరగలేదు. మొగుణ్ణే చూస్తోంది.

"ఇన్నెట్టా గుర్తుండాయి మీకు?"

"ఓడిపోయినోడికే గదా వాణీ, అన్నీ గుర్తుండేది."