పర్సోం అంటే ఏ రోజు?

మా తమ్ముడు ప్రేమ్‌రాజ్‌కు యావజ్జీవం పడింది ఒక్క మాట వల్ల. ఆ మాట అన్నది మా గౌలిపుర గల్లీ చివర ఉండే ఇక్బాలున్నీసా ఖాలా. ఆరేళ్లు నేను ఆవిడ ముఖం చూడలేదు. ఎదురైతే తల తిప్పుకుని పోయేదాన్ని.

చనిపోయింది అంజన్, తమ్ముడితో కలిసి పాల వ్యాపారం చేసినవాడు. ఒక బర్రె అమ్మే విషయంలో ఇద్దరికీ గల్లీ అంతా వినేలా లొల్లి అయింది. తర్వాత పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున అంజన్ శవం దొరికింది, మెడకు పలుపుతాడుతో. చంపడం చూసినవాళ్లు ఎవరూ లేరు. పోలీసుల దగ్గర ఉన్నవి రెండే. ఒకటి, ఆ తాడు మా కొట్టంలో తాడులాంటిదే. గౌలిపురలో ఏ కొట్టంలో చూసినా అదే తాడు, ఆ సంగతి ఎవరికి పట్టింది! రెండోది ఖాలా సాక్ష్యం. శవం దొరికిన రోజు పోలీసులు అడిగితే, ఇద్దరూ కలిసి నది వైపు వెళ్లడం ‘పర్సోం’ చూశానంది. పర్సోం అంటే మొన్న కదా అని, రెండు రోజుల ముందు తేదీ రాసుకున్నారు. డాక్టరు చెప్పిన చావు రోజు కూడా అదే. ఇంకేం కావాలి?

రెండేళ్లకు కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టులో అప్పీలు ఇంకో నాలుగేళ్లకు విచారణకు వచ్చింది. మా లాయరు సామ్యూల్ గారిది గుంటూరు వైపు. మంచి మనిషే కానీ, ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పేశారు. నేను కంచన్‌బాగ్‌లో క్యాంటీన్ పని ముగించుకుని ఆయన ఆఫీసుకు వెళ్లి, ఇంగ్లీషులో ఉన్న సాక్ష్యాల కాగితాలు కూడబలుక్కుంటూ చదివేదాన్ని. ఇంటర్ ఇంగ్లీషు ఎంతవరకు వస్తుంది! అయినా ఖాలా సాక్ష్యం మూడో పేజీలో ఆగిపోయాను.

ప్రేమ్‌రాజ్ నీకెలా తెలుసని కోర్టులో అడిగితే ఆవిడ చెప్పిన జవాబు అక్కడ ఉంది: “మొన్న నా కూతురు జైనబ్ పెళ్లికి పాలు పోసింది ఇతనే. జైనబ్ కొడుకు ఇప్పుడు ఒకటో తరగతి.”

చదివి నవ్వాను. ఆ వెంటనే కాగితం తీసుకెళ్లి సామ్యూల్ గారి ముందు పెట్టాను.

“సార్, మొన్న పెండ్లయితే కొడుకు ఒకటో తరగతి ఎట్ల చదువుతడు?”

సామ్యూల్ గారు కాగితం తీసుకుని చూశారు. “తప్పు టైపు చేశారేమోనమ్మా.”

“తప్పు కాదు సార్. ఆమె పర్సోం అన్నది, వీళ్లు ఇంగ్లీషుల మొన్న అని రాసిన్రు. మా దిక్కు పర్సోం అంటే నిన్నటికి అవతల ఏదైనా పర్సోమే. పోయిన నెలైనా, పదేండ్ల కిందైనా.”

ఆయన కళ్లజోడు తీసి నన్నే చూశారు. “ఈ ముక్క ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదేం?” అని కసిరారు. ఎవరడిగారని చెప్పడానికి?

అటు నుంచి అటే వెళ్లి ఖాలా ఇంటి తలుపు కొట్టాను.

“ఏ పర్సోం ఖాలా?” నా గొంతు నాకే మొరటుగా వినిపించింది.

“బక్రీద్ కంటె ముందల, బేటీ. అంజన్ పోయేటప్పటికి నెల అయ్యుంటది. నేను పర్సోం అన్న, వాళ్లు తారీఖు రాసుకున్నరు. అంగ్రేజీల ఏం రాసిన్రో నాకేమెర్క?” నా చేతులు పట్టుకుని ఏడ్చింది. విదిలించుకుందామనుకున్నాను. చేతకాలేదు.

హైకోర్టులో సామ్యూల్ గారు ఆ రెండు వాక్యాలూ చదివారు. “అదే నోరు, అదే మాట. అక్కడ ఏళ్లయితే ఇక్కడ రెండు రోజులే ఎలా అవుతుంది?” అన్నారు. జడ్జి గారు మళ్లీ చదవమన్నారు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరేళ్లు మా తమ్ముడు ఊచల వెనక మగ్గాడు, వీళ్లకు నవ్వొచ్చింది! పది రోజులకు తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదనీ, అనుమానానికి తావుంది కాబట్టి ఆ ప్రయోజనం ముద్దాయికే చెందుతుందనీ విడుదల చేశారు.

జైలు గేటు దగ్గర వాడు చిన్న సంచీతో బయటికి వచ్చాడు. సగమైపోయాడు. పట్టుకుని ఏడ్చాను. వాడు మాత్రం ఏడవలేదు.

“జడ్జి ఏమన్నడక్కా? నేను చంపలేదన్నడా?”

అవునంటే పోయేది. నా పాడు నోరు నిజమే చెప్పింది. “అనుమానమున్నదని ఇడిసిపెట్టిండురా.”

“అంటే అనుమానం ఇంక ఉన్నదా?”

“అది కోర్టు మాట. అందరికీ గట్లనే రాస్తరంట.”

ఆరేళ్లలో వాణ్ణి చూడ్డానికి జైలుకు ఎన్ని ములాఖత్‌లకు వెళ్లానో. తిన్నావా, జ్వరం తగ్గిందా, అన్నీ అడిగాను. నువ్వు చంపావా అని మాత్రం అడగలేదు. నమ్మకం కొద్దీ అడగలేదని మా అమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. నిజానికి నాకు భయం.

“కోర్టు సంగతి ఇడువు,” అన్నాడు వాడు. “నీకున్నదా అక్కా?”

“లేదురా” అనడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. అప్పటికే వాడు సంచీ భుజాన వేసుకుని ఆటోల వైపు నడుస్తున్నాడు.