మూడు వేళ్ళ ఎర్రగుడ్డ

ఆడవాళ్ళ మాయల గురించి మగవాడు పుస్తకం రాస్తే, అవన్నీ నీకెవరు చెప్పారయ్యా అని ఎవరూ అడగరు. మా పాదిరి డాన్ ఫోర్తున్‌కు చెప్పింది మిలియా. పధ్నాలుగేళ్ళుగా ఆయనకు వండిపెట్టి, ఆయన బట్టలుతికి, ఆయన పక్కన పడుకుంటున్న మనిషి. పాదిరికి పెళ్ళి కూడదు కాబట్టి ఊరంతా ఆమెను ‘ఇల్లు చూసుకునే మనిషి’ అనేది. చూసుకునేది ఇల్లొక్కటే కాదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

నా పేరు సాంచా. సూదులు, దారాలు, రిబ్బన్లు బుట్టలో వేసుకుని తాహో నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో గడపగడపా తిరుగుతాను. సూదులతో పాటు కబుర్లు కూడా మోస్తానని, ఊళ్ళో కొన్ని పెళ్ళిళ్ళూ, పెళ్ళి కాని కొన్ని వ్యవహారాలూ నా చలవేననీ అంటారు. అననివ్వండి.

కామం మనిషినెలా పాడుచేస్తుందో చెప్పే పద్యాలు మా పాదిరి రాసేవాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి మండపంలో చదివేవాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని, ఒక్క ముక్క జారిపోకుండా వినేవారు. తప్పు చేయొద్దని చెప్పే ముందు ఆ తప్పు ఎలా చేస్తారో చాలా ఓపిగ్గా వర్ణించేవాడు మరి. నోటరీ భార్య డోన్యా బెరెంగెలా అయితే, “అక్కడ నాకు సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చదవండి” అనేది.

ఈస్టర్ వెళ్ళిన వారం ఆయన చేతికి రాజుగారి ఉత్తరువు అందింది. పాదిరీలు ఉంచుకున్న ఆడవాళ్ళు మర్యాదస్తుల ఇల్లాళ్ళతో కలిసిపోకుండా, తలగుడ్డ మీద మూడు వేళ్ళ వెడల్పున ఎర్రగుడ్డ కట్టుకుని తిరగాలట. కట్టుకోకపోతే ఒంటిమీది బట్టలు లాక్కుంటారట. వచ్చే ఆదివారం పూజలో పాదిరే దాన్ని చదివి వినిపించాలట.

మర్నాడు పొద్దున్నే మిలియా నా గుమ్మంలో నిలబడింది.

“అత్తా, మూడు వేళ్ళ ఎర్రగుడ్డ ఉందా?”

“ఎవరికే?”

“నాకే.”

ఆయనేమన్నాడని అడిగాను. రాజుగారి మాట కదా, నేనేం చేయను అని నీళ్ళు నమిలాడట. పధ్నాలుగేళ్ళు చర్చిలో ముందు వరసలో కూర్చున్న మనిషిని ఇక బావి దగ్గరా, రొట్టెల పొయ్యి దగ్గరా పిల్లలు కూడా వేలుపెట్టి చూపిస్తారు. నాకు ఒళ్ళు మండింది. గుడ్డ కత్తిరించి ఇచ్చి, ఈ ఉత్తరువు సంగతి ఆదివారం దాకా ఎవరి చెవినా పడనివ్వొద్దని చెప్పి పంపాను.

తర్వాత బుట్ట ఎత్తుకుని నేరుగా డోన్యా బెరెంగెలా ఇంటికి వెళ్ళాను. రాణిగారి చెలికత్తెలంతా తలగుడ్డ మీద మూడు వేళ్ళ ఎర్రగుడ్డ కట్టుకుంటున్నారని, ఈ ఊళ్ళో అది ఆమె ముఖానికి తప్ప ఎవరికీ నప్పదని, ఎవరికీ చెప్పొద్దని చెవిలో చెప్పాను. ఎవరికీ చెప్పొద్దంటే మా ఊళ్ళో ఏమవుతుందో నాకు తెలుసు. శుక్రవారానికి నా దగ్గర ఎర్రగుడ్డ అయిపోయింది. ఆఖరికి నా పాత పావడా చింపి అమ్మాను.

ఆదివారం చర్చి నిండా ఎర్రగుడ్డలే. ముందు వరసలో డోన్యా బెరెంగెలా, పక్కనే డెబ్భై ఏళ్ళు దాటిన ఆమె అత్తగారు. మిలియా అందరికంటే ఆఖరున, తల దించుకుని వచ్చింది. తలెత్తి చూసి, నా వైపు తిరిగింది. నేను జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాను.

పాదిరి వేదిక ఎక్కి కాగితం విప్పాడు. ఎర్రగుడ్డలను చూశాడు. చేతులు కట్టుకుని కూర్చున్న నోటరీని చూశాడు. కాగితం మడిచి చొక్కా చేతిలోకి దోపుకుని, తిండిపోతుతనం గురించి ప్రసంగించాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే నాకు భోజనం. శనగల పులుసు. పాదిరి మంచి హుషారుగా ఉన్నాడు.

“చూశావా, దేవుడే గట్టెక్కించాడు. ఇక ఆ గుడ్డ తీసెయ్ మిలియా.”

మిలియా గరిటె కింద పెట్టింది. “మీరు ఆగింది నా కోసం కాదు, డోన్యా బెరెంగెలా కోసం. నా ఒక్కదాని కోసమైతే ఆగేవారు కాదు, కాగితం చేత పట్టుకునే పైకి ఎక్కారుగా.”

ఆమె లోపలికి వెళ్ళి కలం, సిరా తెచ్చి గిన్నె పక్కన పెట్టింది.

“ఆడవాళ్ళ మాయలు నలభై పేజీలు చెప్పాను, రాసుకున్నారు. మగవాడి పిరికితనం ఒక్క పేజీ చెబుతాను, రాయండి. మండపంలో అది చదివిన రోజున తీస్తాను ఈ గుడ్డ.”

ఆయన నా వైపు చూశాడు. నేను నా శనగల వైపు చూసుకున్నాను. చివరికి రాశాడు. ఒకచోట మాట కాస్త మెత్తబరచబోతే మిలియా ఒప్పుకోలేదు, కొట్టేయించి మళ్ళీ రాయించింది.

పై ఆదివారం పూజ అయ్యాక మండపంలో చదివాడు. అందులో ఎర్రగుడ్డ ఉత్తరువు సంగతంతా ఉంది, ఆయన పేరు మాత్రం లేదు, కానీ చదువుతున్నంతసేపూ ఆయన చెవులు మా తలల మీది ఎర్రగుడ్డల కంటే ఎర్రగా ఉన్నాయి. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఆడవాళ్ళంతా ఒకసారి మిలియాను, ఒకసారి ఆయన్ను చూశారు. మిలియా అందరి ముందూ గుడ్డ విప్పి, మడిచి, నా బుట్టలో పెట్టింది.

డోన్యా బెరెంగెలా మెల్లగా తన తలగుడ్డ మీది ఎర్రగుడ్డ కూడా విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకు బాగానే అర్థమైంది” అంది. “అయినా మళ్ళీ చదవండి.”

ఆయన మళ్ళీ చదివాడు.