పదహారు బండి

ఆ పొద్దున బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని సంచి సర్దుతుంటే నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. రెండు చొక్కాలు, ఒక పంచె, తువ్వాలు, చింతకాయ పచ్చడి సీసా, గుడ్డలో చుట్టిన రాగిరొట్టెలు. ఒక మనిషికి రెండు రోజులకు సరిపడా సరుకు. అంతా సర్ది, మళ్లీ అంతా బయటికి తీసి, మళ్లీ సర్దింది. ఎవరు ఊరికి బయల్దేరినా ఆమెకు అలవాటే అది. సంచి మూతి కట్టేస్తే మనిషి వెళ్లిపోతాడని భయం.

నేను ఒక బండిని. సాదా బండిని. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే నా బతుకంతా ఆ సాదా అన్న మాట చుట్టూనే తిరిగింది.

మాది శరభ జాతి. సింహాన్ని సైతం ఎత్తుకుపోయే మృగమని కంపెనీవాళ్లు ఆ పేరు పెట్టారట. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో పుట్టాం. అందరిదీ ఒకే ఇనుము, ఒకే ఇంజను. కానీ వరస చివరికొచ్చేసరికి మాలో కులాలు ఏర్పడ్డాయి. స్టాండర్డుకి రెక్సిన్ సీట్లు, చేత్తో తిప్పే అద్దాలు. డీలక్సుకి గడియారం అదనం. గ్రాండుకి గడియారంతో పాటు చలవగాలి, కాళ్ల కింద కార్పెట్టు. అన్నిటికీ పైన రజతోత్సవం. కంపెనీకి పాతికేళ్లు నిండాయని రెండు వందల యాభై బండ్లే చేశారు. వెండి రంగు, చెక్క స్టీరింగు, ప్రతిదానికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల. నా వెనకాలే వచ్చినది నూట పదకొండో నంబరు. దాన్ని చూడ్డానికి మేనేజర్లు దిగివచ్చారు. నన్ను పక్కకి తొయ్యమన్నారు.

నేను స్టాండర్డుని. గడియారం ఉండాల్సిన చోట నాకు గుండ్రటి నల్లమూత ఒకటి బిగించారు. నీకు టైము లేదు పొమ్మన్నట్టుగా ఉండేది అది. నాకు దక్కిన గొప్పల్లా ఒకటే: నాలుగు చక్రాలూ కలిసి లాగే గేరు కడ్డీ. అడవుల్లోకీ గనుల్లోకీ పోతాయని మా స్టాండర్డుల్లో కొన్నిటికే ఇచ్చారు. మెత్తటి సీట్లవాళ్లకి బురదతో పనేముంది? ఆ సంగతి తెలిసేలా నా వెనక తలుపు మీద ఇనుప అక్షరాలు బిగించారు: 4×4.

నన్ను మొదట కొన్నది కాకినాడలో ఒక ప్లీడరు. గ్రాండు బుక్ చేస్తే కంపెనీవాడు పొరపాటున స్టాండర్డు పంపాడని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఆ అబద్ధం మోయలేక ఏడాదికే నన్ను అమ్మేశాడు.

అలా నేను మన్యంలో ఈతపాక చేరాను. పది గడపల గూడెం. ముందు చింతవాగు, వెనక నిటారు కొండ. కొన్నవాడు పల్లాల జోగిరెడ్డి. జీడిపిక్కలు, చింతపండు సంతకి మోయడానికి, జబ్బు మనుషుల్ని ఆసుపత్రికి చేర్చడానికి నన్ను తెచ్చుకున్నాడు. నేను వచ్చిన రోజు అతని పెళ్లాం బుల్లెమ్మ నా చుట్టూ మూడుసార్లు తిరిగింది.

బుల్లెమ్మ బడి మొహం చూడలేదు. సంతలో బెల్లం కట్టిచ్చిన కాగితాలు దాచుకుని, అక్షరం పక్కన అక్షరం పేర్చుకుని తనంతట తనే చదువు పట్టింది. ఎక్కాల పుస్తకం అట్ట కూడా అలాగే దొరికింది. అందుకే రాసి ఉన్నది అబద్ధం కాదని ఆమె నమ్మకం. నా వెనక తలుపు ముందు నిలబడి వేలు పెట్టి చదివింది.

"నాలుగు ఇంటూ నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. ఏమయ్యో, దీంట్లో పదహారుగురు ఎక్కొచ్చంట!"

జోగిరెడ్డి పడీపడీ నవ్వాడు. "ఓసి నీ చదువు తగలెయ్య! అది ఎక్కం కాదే."

"మరేంటి?"

అతనికీ సరిగ్గా తెలీదు. "అదేదో గేరు లెక్క."

"గేరు లెక్కైనా లెక్క లెక్కే కదా."

అంతటితో నా పేరు ఖాయమైపోయింది. ఏడూళ్లలోనూ నేను పదహారు బండిని.

ఒకసారి జోగిరెడ్డి పట్నం నుంచి మెరిసే అక్షరాలు తెచ్చాడు. 'గ్రాండ్' అని నా ముక్కు మీద అంటించబోయాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. బుల్లెమ్మ అతని చేతిలోంచి లాక్కుంది.

"లేనిది రాస్తే చదివినోళ్లు నమ్ముతారు. నమ్మినోళ్ల ఉసురు తగుల్తుంది. ఉన్నదే ఉండనీ."

ఆ అక్షరాలు తీసుకెళ్లి కోళ్లగూటి మీద అంటించింది. ఈతపాకలో చాలాకాలం ఒక గ్రాండు కోళ్లగూడు ఉండేది.

ఇక తొంభై నాలుగు ఆగస్టు సంగతి. సంతరోజు. గట్టిగా ఉన్నవాళ్లంతా తెల్లారే వాగు దాటి సంతకి పోయారు. గూడెంలో ముసలాళ్లు, పిల్లలు, ఇద్దరు గర్భిణులు, ఒక బాలింత మిగిలారు. నా టైరుకి పంక్చరై జోగిరెడ్డి, బుల్లెమ్మ ఆగిపోయారు. టైరు బిగించి లేచేసరికి ఎగువ కొండల్లో కురిసిన వాన ఎర్రగా దిగింది. వాగు మీద చప్టా మునిగింది. వెనక కొండ విరిగి బురద జారడం మొదలైంది. ముందుకి పోవాలి, లేదా అక్కడే పూడిపోవాలి.

అవతలి గట్టున రోడ్డు కాంట్రాక్టరు సత్తిరాజు గారి బండి ఆగి ఉంది. వెండి రంగు, ఇత్తడి బిళ్ల. చూడగానే పోల్చుకున్నాను. నూట పదకొండో నంబరు!

"రాజుగారో! తాడు కట్టి మీ బండి ఒకసారి ఇటు తోలండి!" అని జోగిరెడ్డి అరిచాడు.

"కార్పెట్టు తడుస్తుందిరా!" అని అట్నుంచి జవాబొచ్చింది.

జోగిరెడ్డి ఎనిమిదిమందిని ఎక్కించాడు. "ఎనిమిదేసిమంది. రెండుసార్లు తిరుగుతా" అన్నాడు. బుల్లెమ్మ ఎక్కలేదు. ఆమె మొహం తెల్లబోయింది. ఆమె అయ్య వెదురు తెప్పల మీద గోదారి దిగేవాడు. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు, రెండో తెప్పకి వస్తానమ్మా అని మొదటి తెప్పలో ఇంటివాళ్లని పంపాడు. రెండో తెప్ప రాలేదు.

నేను చప్టా మీద నాలుగు బారలు పోయానో లేదో, నీరు నన్ను కింద నుంచి ఎత్తింది. ముందు చక్రాలు నేలని వదిలేశాయి. బండినన్న సంగతి మరిచి పడవనైపోతున్నాను. జోగిరెడ్డి పళ్లు బిగబట్టి నన్ను వెనక్కి లాగాడు.

"తేలిపోతోందే! బరువు చాలట్లేదు!"

"మరి ఎక్కించు!" అంది బుల్లెమ్మ. "రెండోసారి అన్నది లేదయ్యా. పోతే అందరం పోదాం. పదహారని కంపెనీవాడే రాశాడు గదా!"

"అది ఎక్కం కాదే బాబూ!"

"ఇయ్యాలకి ఎక్కమే!"

లెక్కపెట్టింది. జోగిరెడ్డితో కలిపి పదహారు. వారం కిందట పుట్టిన చంటిదాన్ని కలిపితే పదిహేడు. ఒక తాత, ఎక్కం తప్పుతుందేమో, నేను దిగిపోతానన్నాడు. "నువ్వు కూర్చో తాతా! ఒళ్లో పిల్ల ఎక్కంలోకి రాదు" అని బుల్లెమ్మ కసిరింది. సీట్ల మీద, సీట్ల కింద, టాపు మీద, వెనక తలుపు పట్టుకుని, మొత్తం మనుషులే.

ఈసారి నాలుగు చక్రాలూ చప్టాని కరుచుకున్నాయి. నీరు తలుపుల సందుల్లోంచి లోపలికొచ్చి రెక్సిన్ సీట్లు తడిపింది. తడిస్తే తడవనీ, రెక్సినే కదా! అద్దాలు చేత్తో దించుకున్నారు. లోపలున్నవాళ్లు ఒకటే అరుపు, "పదహారూ! పదహారూ!" అని, ఎడ్లని అదిలించినట్టు. పక్కనుంచి ఒక చింతమాను కొట్టుకుపోయింది. నేను చలించలేదు. ఆ పదహారుగురి బరువే నన్ను నేలకి అదిమిపెట్టింది. ఇనుప అక్షరాన్ని తప్పు చదివిన ఆడమనిషి లెక్కే వాగులో సరిగ్గా నిలిచింది.

గట్టెక్కాక సత్తిరాజు గారు తలపాగా తీసేశారు. తన బండి కార్పెట్టు తానే పీకి తెచ్చి, వణుకుతున్న చంటిదాని తల్లికి కప్పారు. మా వెనకే చప్టా విరిగిపోయింది. సాయంత్రానికి గూడెంలో ఏడు ఇళ్లు మట్టిలో ఉన్నాయి. మనుషుల్లో ఒక్కరు కూడా తగ్గలేదు. బుల్లెమ్మ ముగ్గురి చేత మూడుసార్లు లెక్కపెట్టించుకుని, అప్పుడు ఏడ్చింది.

ఆ ఎక్కంలోకి రాని చంటిది పార్వతి. పెరిగి విశాఖలో నర్సయింది. రోడ్డు మీదికి నాకు ఇక అనుమతి ఇవ్వరని, పాత ఇనుము కొట్టువాడు రెండుసార్లు వచ్చి నన్ను తట్టి చూసి పోయాడని తెలిసి, అక్కడి పాత బండ్ల మ్యూజియానికి నా ఫొటో పంపింది. తీసుకురండి, చూసి చెబుతామన్నారు. బాగుంటే ఉంచుకుంటారు, లేదంటే ఇనుము కొట్టే.

పార్వతే ఒకసారి బుల్లెమ్మకి నచ్చజెప్పబోయింది. "పెద్దమ్మా, ఫోర్ బై ఫోర్ అంటే నాలుగింటికి నాలుగు చక్రాలూ లాగుతాయని. పదహారని కాదు."

"తెలుసే. వాగు దాటిన మర్నాడే మీ పెదనాన్న మెకానిక్కుని అడిగొచ్చి చెప్పాడు. అయినా మోసిందిగా?" అంది బుల్లెమ్మ.

ఆ పొద్దున సంచి మూతి చివరికి ముడిపడింది. ముడి వేసేముందు అందులో పైన ఆమె తన చేత్తో రాసిన కాగితం ఒకటి పెట్టింది. "పోయిరా" అని జోగిరెడ్డితో అంది. నా వెనకాలకి వచ్చి ఇనుప అక్షరాలు కొంగుతో తుడిచింది. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. మరిచిపోయిందనుకున్నాను.

మర్నాడు మ్యూజియం పెద్ద ఫరూఖ్ గారు నా లోపల తల పెట్టి గట్టిగా కేక వేశారు. "గడియారం మూత! అసలు మూత! ఇలా రండి అందరూ!"

జోగిరెడ్డి కంగారుపడ్డాడు. "అది మొదట్నుంచీ అంతేనండి. మేం ఏం పీకలేదు."

"అదే కదా తాతగారూ! రజతోత్సవాలు నాకు మూడున్నాయి, గ్రాండ్లు ఐదున్నాయి. అందరూ దాచుకున్నారు. స్టాండర్డులన్నీ పనిలోనే అరిగి చచ్చిపోయాయి. మిగిలినవాటికి గ్రాండని అక్షరాలు అంటించేశారు. ఏదీ అంటించకుండా మిగిలినది పన్నెండేళ్లలో నాకు ఇదొక్కటే దొరికింది."

నన్ను నడిహాల్లో, ఎత్తు వేదిక మీదికి ఎక్కించారు. జోగిరెడ్డే తోలాడు. నాలుగు చక్రాల కడ్డీ వేసి ఒక్క ఊపులో ఎక్కించాడు. జనం చప్పట్లు కొట్టారు. కింద, ఎడమపక్కన నూట పదకొండో నంబరు ఉంది. దానికి కాళ్ల కింద కార్పెట్టు లేదు. ఆ సంగతి రాసిన చీటీ దాని ముందుంది. అది రాసింది సత్తిరాజు గారేనట.

నా ముందు పెట్టాల్సిన పలక కోసం ఫరూఖ్ గారు బుల్లెమ్మ కాగితం రెండుసార్లు చదివారు. రాసినదాన్ని నమ్మేవాళ్ల కోసం రాసినట్టు పలక తయారైంది:

శరభ స్టాండర్డ్, 1988. నాలుగు చక్రాల లాగుడు. కూర్చునేవారు: ఎనిమిది. ఒకసారి, పదహారు. ఒళ్లో ఒకరు.

ఆ కాగితం చివర ఇంకో మాట ఉంది. 'దీనికి పోయిరా అని చెప్పలేదు. తిరిగి రానిదానికి ఆ మాట చెబితే అబద్ధమవుద్ది.'

జోగిరెడ్డి పన్నెండో తారీఖు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి చేరాడు. నేను తిరిగి వెళ్లలేదు. ఈతపాక వాకిట్లోంచి బయల్దేరింది 2019 ఫిబ్రవరి పది, ఆదివారం.